ఆముదము కాపాడిన యంత్రము

“ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షము” అని తెలుగువారి సామెత. ఆ చెట్టును చిన్నచూపు చూచుటకే ఈ మాట పుట్టినది. కాని యంత్రముల లోకములో ఒక మూల, ఎన్నో నూనెల గుణములు తెలిసిన నిపుణుల నడుమనే, ఆముదము నిజముగా మహావృక్షమై నిలిచినది. అరచేతిలో ఇమిడిపోవు నమూనా విమానపు ఇంజను ఆముదము త్రాగి ఎగురును. ఆ ఆముదమే గట్టిపడి దానిని దశాబ్దములపాటు కదలనీయక బిగించివేయును. అయినను ఆ ఆముదపు చలువవలననే, తెలిసినవారి చేతిలో పడిననాడు, అది మరల ప్రాణము పోసికొనును. పాతబడి మూలబడిన ఇట్టి ఇంజనును, దాని సైలెన్సరును బాగుచేయు పనిలో భౌతిక రసాయన శాస్త్రముల పాఠములు ఎన్నో ఇమిడియున్నవి. వానికన్న మిన్నయైన పాఠము ఓర్పునకు సంబంధించినది.

పిడికిలిలో ఇమిడిన ఇంజను

పెద్ద విమానము పుట్టకమునుపే చిన్న విమానము ఎగిరినది. 1871లో ఫ్రాన్సు దేశీయుడైన ఆల్ఫాన్స్ పెనో మెలివేసిన రబ్బరు బలముతో ఒక చిన్న నమూనాను గాలిలో నడిపెను. 1896లో అమెరికా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ లాంగ్లే ఆవిరియంత్రము అమర్చిన నమూనాను పొటోమాక్ నదిపై సుమారు ఒక కిలోమీటరు దూరము ఎగురవేసెను. రైటు సోదరులు ఎగిరినది 1903లో. మనిషిని మోయలేని విమానమే ముందుగా మనిషికి దారి చూపినదన్నమాట.

మరి ముప్పది యేండ్లకు, 1930ల తొలి భాగమున, ఫిలడెల్ఫియా నగరములో విలియం బ్రౌన్ అను యువకుడు పెట్రోలుతో నడచు బుల్లి ఇంజనును నిర్మించెను. ‘బ్రౌన్ జూనియర్’ అను పేరుతో అది విపణిలోనికి వచ్చినది. అయితే ఆ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు తీగచుట్ట, కండెన్సరు, బ్యాటరీ కావలసియుండెను. ఇంజను ఎంత తేలికదైనను ఈ సరంజామానంతటిని విమానమే మోయవలసి వచ్చెడిది. 1947లో రే ఆర్డెన్ అను అమెరికా దేశీయుడు గ్లో ప్లగ్గును విపణిలోనికి తెచ్చుటతో ఆ బరువు దిగిపోయినది.

గ్లో ప్లగ్గు చూచుటకు చిన్న మరమేకువలె ఉండును. దాని కొనలో ప్లాటినము కలిసిన సన్నని తీగచుట్ట ఉన్నది. ఇంజనును బయలుదేరదీయునప్పుడు మాత్రము ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలించి ఆ తీగను ఎఱ్ఱగా కాల్తురు. ఇంజను అందుకొనిన పిమ్మట బ్యాటరీని తీసివేయుదురు. ఆ తరువాత తీగను ఆరిపోకుండ నిలుపునవి మూడు: ఇంధనము మండిన వేడిమి, అదిమివేయబడిన వాయువు వేడిమి, మిథనాలు ఆవిరి ప్లాటినమును తాకినప్పుడు జరుగు ఉత్ప్రేరక చర్య. పాఠ్యపుస్తకములో ‘ఉత్ప్రేరకము’ అను మాటను వల్లెవేయు విద్యార్థికి ఇంతకన్న చక్కని దృష్టాంతము దొరకుట అరుదు.

1940ల చివర డ్యూక్ ఫాక్స్ అను అమెరికన్ తయారీదారు వెలువరించిన ‘ఫాక్స్ 35’ ఇట్టి ఇంజనులలో మిక్కిలి ప్రసిద్ధమైనది. దాని పరిమాణము ఒక ఘనపుటంగుళములో నూటికి 35 వంతులు, అనగా సుమారు 5.7 ఘన సెంటీమీటర్లు. జార్జి ఆల్‌డ్రిచ్ రూపొందించిన ‘నోబ్లరు’ అను నమూనా విమానముతో జతపడి, 1950లలో అది విన్యాసపు పోటీలకు పెట్టినది పేరైనది. ఆ విమానమును రేడియోతో నడుపరు. నడుపువాడు మైదానము నడుమ నిలిచి, సుమారు 18 మీటర్ల పొడవుగల రెండు సన్నని ఉక్కుతీగల కొనలను చేతిపిడికి తగిలించుకొని, విమానమును తన చుట్టు వలయముగా త్రిప్పుచు, మణికట్టు కదలికతోనే పల్టీలు కొట్టించును.

కాలము మారినది. విద్యున్మోటార్లు, లిథియము బ్యాటరీలు వచ్చి ఈ ఇంజనులలో పెక్కింటిని అటుకలెక్కించినవి. అమెరికాలోని పాతసామానుల సంతలలోను, పెద్దలు గతించిన ఇండ్ల పెట్టెలలోను అవి గోధుమరంగు ముద్దలై దొరకుచుండును. మన దేశమునకును ఈ విద్య క్రొత్తది కాదు. 1950లో ఏర్పడిన ఎన్.సి.సి. వైమానిక విభాగము శిక్షణలో నమూనా విమానములు తయారుచేయుట, ఎగురవేయుట కూడ చేరియున్నవి. కనుక ఏ కళాశాల బీరువా అడుగుననో ఇట్టి ఇంజను ఒకటి మూలుగుచుండుట అసంభవము కాదు.

ఆముదమే ఎందుకు?

మోటారుకారు ఇంజను అడుగున నూనె తొట్టి ఉండును. ఈ చిన్న ఇంజనుకు అట్టి తొట్టి లేదు. ఇంధనములోనే నూనె కలిపి పోయుదురు. ఇంధనములో ఎక్కువ భాగము మిథనాలు, కొద్దిపాటి నైట్రోమీథేను, మిగిలినది నూనె. ఫాక్స్ 35లో ఇనుప పిస్టను ఉక్కు తొడుగులో రాచుకొనుచు నడచును. దాని క్రాంకుషాఫ్టునకు గుండ్ల బేరింగులు లేవు. కాబట్టి తెలిసినవారు ఇంధనములో నూటికి 25 వంతులకు తగ్గకుండ నూనె ఉండవలెనని, అందులో అధికభాగము ఆముదమే కావలెనని పట్టుబట్టుదురు.

ఈ పట్టుదలకు కారణము రసాయనశాస్త్రము చెప్పును. పెట్రోలియము నుండి తీసిన మామూలు నూనెలు మిథనాలుతో కలియవు. నువ్వులనూనె, వేరుసెనగనూనె వంటివియు చక్కగా కలియవు. ఆముదము కలియును. ఆముదములోని క్రొవ్వు ఆమ్లములలో నూటికి సుమారు 90 వంతులు రిసినోలిక్ ఆమ్లము. ఆ అణువు గొలుసు నడుమ ఆల్కహాలులకు ఉండునట్టి హైడ్రాక్సిలు సమూహము ఒకటి ఉన్నది. ఆ చుట్టరికము వలననే ఆముదము ఆల్కహాలులో ఇమిడిపోవును.

రెండవ గుణము ఇంకను ముఖ్యమైనది. మితిమీరిన వేడిమి తగిలినప్పుడు మఱికొన్ని నూనెలు మండి ఆవిరియై లోహమును వట్టిదానిగా వదలివేయును. ఆముదము అట్లు పారిపోదు. అది చిక్కబడి, అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొని, లోహమునంటిపెట్టుకొని నిలుచును. ఇంధనము చాలక ఇంజను కాగిపోయిన ఆ కొన్ని క్షణములలో పిస్టనునకును తొడుగునకును నడుమ నిలిచి కాపాడునది ఆ పలుచని పొరయే. మొదటి ప్రపంచయుద్ధ కాలమున నోమ్, లె రోన్ అను విమానయంత్రములు ఆముదముతోనే నడచినవి. వైమానికుల ముఖములు, దుస్తులు ఆముదపు తుంపురులతో తడిసిపోవుచుండెను. ‘కాస్ట్రాల్’ అను ప్రసిద్ధమైన నూనెపేరు సైతము ఆముదపు ఆంగ్లనామము నుండి వచ్చినదే. ప్రపంచములో పండు ఆముదములో అధికభాగము భారతదేశపుదే. నేడు గుజరాతు అందు ముందున్నను, పాలమూరు, నల్లగొండ ప్రాంతముల చల్కనేలలలో వానకై ఎదురుచూచిన రైతులును ఈ పంటనే నమ్ముకొనిరి. ఎక్కడో సముద్రముల కవతల ఒక బాలుడు ఎగురవేసిన బొమ్మవిమానపు ధూమములో మెట్టపొలముల వాసన కొంత ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

కాని రక్షించుటకై అంటుకొనిన నూనె పని ముగిసిన తరువాతను అంటుకొనియే ఉండును. వారముల తరబడి తోమని ప్రమిద అడుగున జిగురు పేరుకొనుట మన ఇండ్లలో ఎరిగినదే. ఇంజను లోపల జరుగునది అదియే. యజమాని ఒకనాడు విమానము దింపి, మరల రేపు ఎగురవేయుదునని పెట్టెలో పెట్టును. ఆ రేపు రాదు. మిథనాలు ఆవిరియై పోవును. మిగిలిన ఆముదము గాలి తగిలి లక్కవలె గట్టిపడును. పిస్టను కదలదు. చూచినవారు “ఇది చచ్చినది” అని తీర్పు చెప్పుదురు.

బలమునకు చోటులేదు

నిజమునకు ఇంజను చచ్చుట చాల సందర్భములలో ఆ తీర్పు తరువాతనే జరుగును. కదలని ఇరుసును పట్టకారుతో పట్టి త్రిప్పుదురు; క్రాంకుషాఫ్టు మరలు నలిగిపోవును. పొగ వెలువడు ద్వారములో స్క్రూడ్రైవరు దూర్చి పిస్టనును ఎత్తజూతురు. మెత్తని అంచు చితికి, తొడుగు గోడపై గీత పడును. పిస్టనునకు తొడుగునకు నడుమ ఉండు సందు తలవెండ్రుక మందములో ఎన్నవ వంతో. అంత సన్నని సందును నమ్ముకొని నడచు యంత్రమునకు ఒక్క గీత చాలును, అదిమిన వాయువు కారిపోవుటకు. ఏబది యేండ్లు ఆముదపు పొర క్రింద చెక్కుచెదరక నిలిచిన పనితనము, ఒక్క నిమిషపు తొందరలో నశించును. ఆ పిస్టను, తొడుగు ఒకదానికొకటి నూరి సరిపెట్టిన జంట. ఇట్టి ఇంజనులు చేసిన సంస్థలు పెక్కు మూతపడినవి. జంటలో ఒకటి చెడినచో రెండవది ఉండియు లేనిదే.

కనుక మొదటి పని చూచుట. పై మురికిని తొలగింపక లోపలి భాగము జోలికి పోరాదు. గాలిలోపలికి పోవు రంధ్రమును, పొగద్వారమును గుడ్డతో మూసి, మెత్తని కుంచెతో, కిరసనాయిలుతో ఇసుకను, మట్టిని కడిగివేయవలెను. ఒక్క ఇసుకరేణువు లోనికి పోయినను అది ఆకురాయివలె పనిచేయును. పిమ్మట గ్లో ప్లగ్గును తీసి, ఆ రంధ్రమునుండియు, పొగద్వారమునుండియు పలుచని నూనెను కొన్ని చుక్కలు విడిచి, ఒక రాత్రి అట్లే ఉంచవలెను.

మరునాడు కావలసినది వేడిమి. మంట పనికిరాదు, తల ఆరబెట్టుకొను విద్యుత్సాధనపు వేడిగాలి చాలును. వేడిమి రెండు పనులు చేయును. గట్టిపడిన ఆముదమును మెత్తబరచుట ఒకటి. రెండవది వ్యాకోచము: అదే వేడిమికి అల్యూమినియము ఇనుముకన్న సుమారు రెట్టింపు వ్యాకోచించును. ఇంజను పైగుల్ల అల్యూమినియము, లోపలి తొడుగు ఉక్కు. గుల్ల కొంచెము పెద్దదై లోపలి భాగముల పట్టును సడలించును. అప్పుడు ఇరుసునకు కొయ్య ప్రొపెల్లరు బిగించి, రెండు వ్రేళ్ళతో అటునిటు మెల్లగా ఊపవలెను. కదలనిచో మరల నూనె, మరల వేడిమి, మరల నిరీక్షణ. కొన్ని ఇంజనులు అరగంటలో లొంగును. కొన్నింటికి వారము పట్టును. మొదటి కదలిక గింజంత ఉండును. ఆ గింజంత కదలికను అనుభవించిన చేయి దానిని మరచిపోదు.

విప్పుటలో క్రమము

కదలిన ఇంజనును విప్పుటకును ఒక మర్యాద కలదు. మరమేకు తలకు సరిగా సరిపడు స్క్రూడ్రైవరునే వాడవలెను. వదులుగా ఉన్నది జారి, తల గాడిని చెరుపును. బిగిసిన మేకును ముందు వేడిచేసి, పిమ్మట విప్పవలెను. లేనిచో మేకుతోపాటు అల్యూమినియపు మరలే ఊడివచ్చును. తీసిన ప్రతి భాగమును తీసిన వరుసలోనే తెల్లని గుడ్డమీద పేర్చవలెను. పిస్టను ఏ ముఖముగా ఉన్నదో గుర్తించుకొనవలెను. పాత ఇంజనుల పిస్టను తలపై ఒక చిన్న గట్టు ఉండును. క్రింది గదినుండి పైకి వచ్చు తాజా ఇంధనవాయువు నేరుగా పొగద్వారములోనికి పారిపోకుండ ఆ గట్టు దానిని పైకి మళ్ళించును. పిస్టనును వెనుకముందులు మార్చి అమర్చినచో ఇంజను నడవదు. కారణము తెలియక ఎంతోమంది విసిగిపోవుదురు.

వెనుక పలక తీసి, తొడుగును, పిస్టనును, రాడ్డును ఒక్కొక్కటిగా వెలికితీసిన పిమ్మట శుద్ధి ఆరంభమగును. ఇక్కడనే రెండవ ప్రమాదము పొంచియున్నది. వంటింటి జిడ్డును కోయు కాస్టిక్ సోడా ఈ జిడ్డును కూడ కోయునని కొందరు తలంతురు. జిడ్డును కోయుట నిజమే. దానితోపాటు అల్యూమినియమును కూడ తినివేయును. లోహము సోడియము అల్యూమినేటుగా మారి కరగిపోవుచు, హైడ్రోజను బుడగలు వెలువడును. కొంతసేపటికి ఇంజను గుల్ల నల్లబడి, గుంటలు పడి, మరి దేనికిని కొరగాకపోవును. పాఠశాలలో పరీక్షనాళికలో చూపు ఆ చర్య ఎంత నిజమో తెలిసికొనుటకు ఇంత మూల్యము చెల్లింపనక్కరలేదు.

అనుభవజ్ఞులు కనుగొన్న మార్గము వేరు. మోటారుకార్ల రేడియేటరులలో పోయు ఎథిలీన్ గ్లైకాలు ద్రవములో అల్యూమినియపు భాగములను ముంచి, విద్యుత్తుతో వేడెక్కు పాత్రలో మరుగనీయక సన్నని వేడిమిపై కొన్ని గంటలు ఉంచుదురు. లక్కవంటి ఆముదపు పొర మెత్తబడి, పళ్ళు తోము కుంచె తగిలినంతనే ఊడివచ్చును. అయితే ఈ ద్రవము విషము. అందును తీయనైన విషము. పిల్లలు, పెంపుడు జంతువులు తీపికి ఆశపడి త్రాగినచో ప్రాణాపాయము. కావున ఈ పని ఆరుబయట, పెద్దల సమక్షమున జరుగవలెను. ఆ పాత్ర మరల వంటింటి గడప త్రొక్కరాదు. వెలికితీసిన భాగములను వేడినీటితో కడిగి, ఆరబెట్టవలెను.

మురికి ఏది, రక్షణ ఏది?

పిస్టను, తొడుగు విషయములో మాత్రము ఈ స్నానము చేయింపకుండుట మేలు. వానిని పలుచని నూనెలో నానబెట్టి మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. పిస్టను ప్రక్కలపై లేత గోధుమరంగు పొర ఒకటి కనబడును. క్రొత్తవాడు దానిని మురికియని భ్రమించి, గరుకు కాగితముతో రుద్ది వెండివలె మెరయించును. బాగుచేసితినని సంతోషించును. ఇంజనును తిరిగి కూర్చి చూచినప్పుడు బిగువు పోయియుండును. ఏలయన ఆ పొరయే, ఎన్నో గంటల నడకలో ఆముదము ఇనుముపై నేర్పుగా పూసిన పూత. పిస్టనుకును తొడుగుకును నడుమనున్న సందును పూడ్చి, వాయువును కాచినది అదియే.

పై గుల్ల మీది ఆముదము మురికి. పిస్టనుమీది ఆముదము రక్షణ. వస్తువు ఒక్కటే, చోటు వేరు. ఈ వివేచన యంత్రములకు మాత్రమే పరిమితమైనది కాదు. ప్రాచీన తాళపత్రములను శుద్ధిచేయువారును, పాత గుడులను బాగుచేయువారును ఎదుర్కొను ప్రశ్న ఇదియే. ఎంత తీయవలెనో తెలిసినవాడు పనివాడు. ఎక్కడ ఆగవలెనో తెలిసినవాడు నేర్పరి.

బిగువును పరీక్షించుటకు ఉపాయము సులభము. ఇంజనును కూర్చి, రెండు చుక్కల నూనె వేసి, ప్రొపెల్లరును మెల్లగా త్రిప్పవలెను. పిస్టను పైకి చేరువేళ వ్రేలికి ఎదురుదన్ను తగలవలెను. వదలినంతనే ప్రొపెల్లరు వెనుకకు ఎగిరినచో అదిమిన వాయువు నిలిచియున్నదని అర్థము. ‘సుయ్’ మని కారిపోయినచో లోపము ఎక్కడో వెదకవలెను. గ్లో ప్లగ్గు క్రింది రేకు, సిలిండరు తల బిగింపు ముందుగా చూడదగినవి. తల మేకులను ఒక్కొక్కటి పూర్తిగా బిగింపరాదు. ఎదురెదురుగా ఉన్నవానిని కొంచెము కొంచెముగా బిగించుకొనుచు పోవలెను. లేనిచో తల ఒకవైపునకు ఒరిగి, తొడుగు వంకరపోవును.

సైలెన్సరు కథ

తొలినాళ్ళ ఫాక్స్ ఇంజనులకు సైలెన్సరు లేదు. పొగద్వారము గాలిలోనికి నేరుగా తెరచుకొనెడిది. నిమిషమునకు 10,000 చుట్లు తిరుగు ఇంజనులో ఆ ద్వారము సెకనునకు 160 సార్లకు పైగా తెరచుకొనును. తెరచుకొనిన ప్రతిసారియు అదిమిన పొగ ఒక్క ఉదుటున వెలువడి గాలిని కొట్టును. ఆ దెబ్బల పరంపరయే చెవులు చిల్లులుపడు ఆ కూత. ఎగురవేయువానికి అది సంగీతము, ఇరుగుపొరుగులకు నరకము. ఊళ్ళు పెరిగి, మైదానములకు దగ్గరగా ఇండ్లు వచ్చిన కొలది ఫిర్యాదులు పెరిగినవి. ఎగురవేయు చోటులే చేజారు పరిస్థితి ఏర్పడినది. 1960లనుండి సైలెన్సరుల వాడుక వ్యాపించినది. పాత ఇంజనులకును తరువాత అవి తగిలింపబడినవి.

సైలెన్సరు పని కిటుకు చిన్నదే. పొగ ముందుగా ఒక విశాలమైన గదిలోనికి వచ్చి వ్యాకోచించును. దాని ఉద్రేకము తగ్గును. పిమ్మట సన్నని ద్వారమునుండి ఇంచుమించు ఎడతెగని ధారగా వెలికి పోవును. దెబ్బలు ధారగా మారినప్పుడు కూత గుసగుస కాకున్నను, భరింపదగినదగును.

ఇంజనుకన్న సైలెన్సరులోనే ఆముదము ఎక్కువగా పేరుకొనును. దహనమునకు లోనుగాని నూనె, మసి, రెండును దాని గోడలపై పొరలుపొరలుగా మాడి గట్టిపడును. ద్వారము ఇరుకైనకొలది పొగ వెనుకకు తన్నును, ఇంజను కాగును, బలము తగ్గును. పాత ఇంజను నడచుటలేదని వగచువారు, దోషము ఇంజనులో లేక సైలెన్సరులో ఉన్నదని తెలిసి నివ్వెరపోవుట కలదు. దానిని బాగుచేయుటకు మొదట నడిమి మేకును వేడిచేసి విప్పి, రెండు సగములను వేరుచేయవలెను. గ్లైకాలులో నానిన పిమ్మట, లోపలి మసిని వెదురుపుల్లతో గీకవలెను, ఉక్కుసాధనము వలదు. కొన్ని సైలెన్సరులనుండి సన్నని గొట్టము ఇంధనపు తొట్టికి పోవును. పొగ ఒత్తిడి ఇంధనమును సమముగా నెట్టుటకు ఆ ఏర్పాటు. ఆ గొట్టపు మొదటనున్న సూదిబెజ్జమువంటి రంధ్రము మసితో పూడినచో ఇంజను గాలిలో ఉండగనే ఆగిపోవును.

ఇంజనుతో కలియు ముఖము చదునుగా లేనిచో పొగ ప్రక్కలనుండి చిమ్మును. గాజుపలకపై సన్నని గరుకు కాగితము పరచి, ఆ ముఖమును దానిపై మెల్లగా రుద్దుట ఇక్కడ తప్పుకాదు. పిస్టనునకు నిషిద్ధమైనది సైలెన్సరు ముఖమునకు హితమగుట గమనింపదగినది. బిగించు మేకులు ఇంజను చలిగా ఉన్నప్పుడు ఒకసారి, మొదటిసారి నడచి వేడెక్కి చల్లారిన పిమ్మట మరియొకసారి బిగింపవలెను. అదురునకు అవి వదులగుట సహజము.

మరల పలికిన వేళ

కూర్చుట పూర్తియైన ఇంజనును ముందు విమానమునకు కాక, బరువైన కొయ్యబల్లకు బిగించి నడిపి చూతురు. ఇచట జాగ్రత్త మిక్కిలి అవసరము. ఇంత చిన్న ప్రొపెల్లరే వ్రేళ్ళను తెగనరకగలదు. కండ్లకు అద్దములు ధరించి, వదులైన దుస్తులు లేకుండ, ప్రొపెల్లరును వ్రేలితో కాక రబ్బరు తొడిగిన కఱ్ఱతో త్రిప్పవలెను. చూచువారు ప్రొపెల్లరునకు ప్రక్కగాని, ముందుగాని నిలువరాదు. మిథనాలు కూడ విషమే; కడుపులోనికి పోయినచో చూపు పోవును, ప్రాణమును పోవచ్చును. పగటివెలుగులో దాని మంట ఇంచుమించు కనబడదు. కావున ఉపాధ్యాయుడు ప్రక్కన లేకుండ విద్యార్థులు ఈ పనికి పూనుకొనరాదు.

ఇంధనపు నీడిలు వాల్వును మామూలుకన్న ఎక్కువగా తెరచి, ఇంజనును చల్లగా, నిదానముగా నడుపవలెను. తొలిసారి రెండు మూడు నిమిషములు చాలును. ఆపి, చల్లారనిచ్చి, మరల నడుపవలెను. మొదట సైలెన్సరు నుండి నల్లని నూనె చిమ్మును. అది దశాబ్దముల నిద్ర మలినము. క్రమముగా నూనె తేటపడును. కంఠము సవరించుకొనిన పాటగానివలె ఇంజను స్వరము కుదుటపడును. తేటనూనె వెలువడునంతవరకు ఓపికపట్టినవాడే దానిని మరల విమానమెక్కింపదగినవాడు.

చివరి పని ఒకటి మిగిలియున్నది. మొదటి యజమాని మరచినది అదియే. నాటి ఎగురవేత ముగిసిన వెంటనే ఇంధనపు గొట్టమును ఊడదీసి, లోపల మిగిలిన ఇంధనమంతయు మండిపోవువరకు ఇంజనును నడుపవలెను. మిథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నైట్రోమీథేను శేషము ఆమ్లమును పుట్టించును. రెండును కలిసి ఇరుసుకు త్రుప్పు పట్టించును. పిమ్మట పలుచని నూనెను నాలుగు చుక్కలు లోనికి విడిచి, ప్రొపెల్లరును పలుమారులు త్రిప్పి, గుడ్డలో చుట్టి భద్రపరుపవలెను. ఒక నిమిషము పట్టని ఈ పని చేయబడియున్నచో, ఇన్ని దినముల శ్రమ అక్కరలేకపోయెడిది.

అయినను ఆ మొదటి యజమానిని నిందింపబనిలేదు. ఆ రోజు ప్రొద్దుగ్రుంకినదేమో, వాన వచ్చినదేమో, యుద్ధమునకో ఉద్యోగమునకో పిలుపు వచ్చినదేమో! ఇంజనును గుడ్డలో చుట్టి పెట్టినప్పుడు అదే చివరిసారి అని అతనికి తెలియదు. అతడు మరచినను ఆముదము మరువక కాపలా కాచినది. బాగుచేసినవాడును ఎన్నడో ఒకనాడు దానిని చివరిసారి పెట్టెలో పెట్టును. ఆనాడు అది చివరిసారి అని అతనికిని తెలియదు. అందుచే ప్రతిసారియు ఆ నాలుగు చుక్కల నూనె వేసి పెట్టుట మంచిది.